ఏటీఎం నీళ్లు తాగిన నాచు

ఆ రోజుల్లో నాచంటే నాకు గీకి పారేయాల్సిన సరుకు. నీళ్ల తొట్టి అడుగున, గోలెం అంచున, స్నానాల గది గడప మీద పచ్చగా కనిపిస్తే చాలు, కొబ్బరి పీచు, ఇటుక పొడి పట్టుకుని కూర్చునేదాన్ని. నాచును పనిగట్టుకుని పెంచుతారనీ, దానికి జబ్బు చేస్తే బతికించుకుంటారనీ, దాని ముందు ఒక పెద్దమనిషి స్టూలు వేసుకుని దిగులుగా కూర్చుంటాడనీ అప్పట్లో ఎవరైనా చెప్పి ఉంటే, ఎండ తగిలిందేమో అనుకుని వాళ్లకు ఉల్లిగడ్డ రసం పూసి ఉండేదాన్ని. మనకు తెలియని సంగతి వినగానే ఎదుటివాడికే ఏదో అయిందనుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న గుణం. (ఇప్పుడు తగ్గిందా అంటే, ఇది రాసిపెడుతున్న నా కూతురు కలం ఆపి నవ్వుతోంది. దాని నవ్వును కూడా రాసుకోమన్నాను.)

మా ఆయన పోయి అప్పటికి ఏడాది. నాకు ఇరవై ఆరేళ్లు, పిల్లకు అయిదు. మా ఇస్నాపూర్ గల్లీలో నాలాంటి వాళ్లకు ఉన్న దారి ఒక్కటే: బొల్లారంలో మందు గోలీల కంపెనీ. మేస్త్రీ వచ్చి అడిగి వెళ్లాడు కూడా. పొద్దున బస్సొస్తుంది, ఎక్కించుకుపోతుంది, వారం పగలు, వారం రాత్రి. ఆ బస్సు దిగే ఆడవాళ్ల పక్కన నిలబడితే తల వెంట్రుకల్లోంచి కూడా మందు వాసన వచ్చేది. రాత్రి షిఫ్టు పడితే పిల్ల ఎవరి దగ్గర పడుకోవాలి? మా అత్త దగ్గర పడుకోవచ్చు, కానీ మా అత్త నిద్రలో తంతుంది. ఈ లెక్కలో నేనుండగా పటాన్‌చెరులో ఒక సారు ఇంట్లో మొక్కల పని ఉందని తెలిసింది. పొద్దున తొమ్మిదికి వెళ్లి, పిల్ల బడి నుంచి వచ్చేసరికి ఇంటికి చేరొచ్చు. నేను రైతు కూతురిని. వరి నాటాను, మిరప కోశాను, పసుపు తవ్వాను. మొక్కలు నాకొక లెక్కా అని వెళ్లాను.

సారు పెద్ద సర్కారు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఇంజనీరు. కోస్తా నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లయినా మాటలో మాత్రం ఒక్క మెట్టు కూడా దిగలేదు. ఇంటి వెనక పచ్చ వల కట్టిన షెడ్డు. లోపలికి వెళ్లి చూస్తే నేను పుట్టి బుద్ధెరిగాక చూడని సంత. ఒక మొక్కకు ఆకుల చివర కూజాలు వేలాడుతున్నాయి, మూతలతో సహా. ఒకదానికి ఆకు నిండా ఎర్ర వెంట్రుకలు, వెంట్రుక చివర ఒక్కో జిగురు బొట్టు. ఇంకొకటి చిన్న చిన్న నోళ్లు తెరుచుకుని నా వైపే చూస్తోంది.

"ఇవి పురుగుల్ని తింటాయి అమ్మాయ్," అన్నారు సారు, మన ఇంటికొచ్చిన కోడల్ని చూపించినంత మురిపెంగా.

నేను రెండడుగులు వెనక్కి వేసి అడిగాను. "నమిలేటప్పుడు సప్పుడు అస్తదా సార్?"

సారు ముఖం వెలిగిపోయింది. ఆ షెడ్డులోకి వచ్చినవాళ్లంతా "ధర ఎంత" అనో, "దీనివల్ల ఉపయోగం ఏమిటి" అనో అడిగారట గానీ చప్పుడు గురించి అడిగింది నేనే మొదటట. "రాదమ్మాయ్. దీనికి పళ్లు లేవు. నానబెట్టి, కరిగించి తాగుతుంది."

"అయితే మా అత్త లెక్క," అన్నాను. మా అత్తకు అప్పటికే పళ్లు పోయి, రొట్టె చాయ్‌లో నానేసుకుని తాగేది. ఆ ముక్కతో నాకు పని దొరికింది.

ఆ మొక్కలకు మట్టి పనికిరాదు. ఎరువు అసలే పనికిరాదు. సత్తువ లేని బురదలో పుట్టినవి కాబట్టే ఈగను పట్టి తినడం నేర్చుకున్నాయట. వాటి వేళ్లకు పరుపు కావాలి, ఎప్పుడూ తడిగా, చల్లగా ఉండాలి. ఆ పరుపే నాచు. మన తొట్టిలో పట్టే జారుడు పాచి కాదు. స్ఫాగ్నం అని దాని అసలు పేరు. ఎక్కడో చలి దేశాల తడి నేలల్లో పుడుతుంది. ఎండబెట్టినది అచ్చు కట్టి వస్తుంది, చూడ్డానికి గడ్డి చొప్పలా ఉంటుంది. బతికినది మాత్రం చూసి తీరాలి. ఒక్కో పోచ చివర ఒక్కో చిన్న నక్షత్రం, పక్కపక్కనే వేల నక్షత్రాలు. చేత్తో రాస్తే పసిపిల్ల మాడు తాకినట్టే. సారు ఎవరినో బతిమాలి తెచ్చుకున్న పిడికెడు నాచును రెండేళ్లు కాచి రెండు ట్రేలు చేశారు. మన పటాన్‌చెరు ఎండలో అది ఎంత కష్టమో నాకు అప్పుడు తెలియదు. "ఇది ఉంటేనే షెడ్డు ఉంటుంది, అమ్మాయ్. ఇది పోతే నా మొక్కలకు ఇల్లు లేదు," అనేవారు.

మూడు నెలలకు సారు కూతురికి కాన్పు దగ్గర పడింది. సారూ, అమ్మగారూ ఇరవై రోజులకు భీమవరం ప్రయాణమయ్యారు. వెళ్తూ వెళ్తూ సారు షెడ్డు మూలనున్న రెండు నీలం డ్రమ్ములు చూపించి, "ఈ నీళ్లే పోయాలి. ఇంకేవీ పోయకు," అన్నారు. సుద్దముక్కతో డ్రమ్ము మీద ఏదో పెద్దపెద్ద అక్షరాలు కూడా రాశారు. నాకు అప్పట్లో బస్సు బోర్డులూ, నా పేరూ తప్ప ఇంకేమీ చదవడం రాదు. ఈ నీళ్లే ఎందుకు అని అడగాల్సింది. నమిలే చప్పుడు గురించి అడిగినదాన్ని, అవసరమైనది మాత్రం అడగలేదు. తల ఊపాను.

నాలుగో రోజు ఆశక్క వచ్చింది. ఇంటింటికీ తిరిగి దోమలు ఎక్కడ పుడుతున్నాయో చూసే ఆశా కార్యకర్త ఆమె. డ్రమ్ము మూత తీసి కేక పెట్టింది.

"ఓ చెల్లె, ఇటు రా! గీ పురుగులు సూడు, బరాత్ల ఆడినట్టు ఆడుతున్నయ్. రేపు గల్లీ అంత జ్వరాలతోని పండుకుంటది. కుమ్మరియ్యి!"

"మా సారు గీ నీళ్లే పొయ్యమన్నడక్కా."

"మీ సారు పురుగులు తినే చెట్లు పెంచుతడు గని, పురుగులు తాగే మనుషుల్ని పెంచుతడా? కుమ్మరియ్యి అంటున్న!"

ఆమె చెప్పింది న్యాయమే. చూస్తే నాకే ఒళ్లు జలదరించింది. రెండు డ్రమ్ములూ వంచేసి, పీచుతో రుద్ది, ఎండకు బోర్లించాను. సుద్ద అక్షరాలు కూడా పోయాయి. అవి వాన నీళ్లని, పోయినేడు దసరా ముందు నుంచి సారు గుక్కెడు గుక్కెడు దాచుకుంటున్నారని నాకేం తెలుసు? నాకు తెలిసినది ఒక్కటే: సారు నా మీద నమ్మకంతో పోయారు, కాబట్టి వాళ్ల నాచుకు నేను తక్కువ చేయకూడదు. ఆ పురుగుల నీళ్లకు బదులు మా దగ్గరున్న అన్నిటికంటే మంచి నీళ్లు పోయాలి. మా వైపు మంచి నీళ్లంటే మంజీర నది నీళ్లే. రోజు విడిచి రోజు నల్లా వస్తుంది. బిందెల వరసలో జుట్లు పట్టుకున్న రోజులున్నాయి. బోరు నీళ్లు బట్టలకు, గిన్నెలకు. మంజీర నీళ్లు తాగడానికి, చుట్టాలకు. నేను నా వంతు మంజీర బిందె నెత్తిన పెట్టుకుని, షేర్ ఆటోలో ఎక్కనివ్వకపోతే నడిచి, పటాన్‌చెరు తీసుకెళ్లి నాచుకు పోశాను.

మా అత్త వాకిట్లో నిలబడి తిట్టింది. "ఏమే, ఇంట్ల మనిషికి బోరు నీళ్లు, పాశికి మంజీర నీళ్లా? అది నీకు ఏమైతది, ఆడిబిడ్డనా?"

"జీతం ఇస్తదత్తా," అన్నాను.

వారానికి నక్షత్రాల చివర్లు తెల్లబడ్డాయి. బాగుంది, పూత వస్తున్నట్టుంది అనుకున్నాను. (నవ్వకండి. మామిడి పూత తెల్లగా ఉండదా?) ఇంకో నాలుగు రోజులకు తెలుపు కాస్తా గోధుమ రంగు అయింది. అప్పుడు భయం పట్టుకుంది. పైరు పచ్చదనం తగ్గితే మేం ఏం చేస్తాం? తిండి పెడతాం. మా అత్తను అడిగితే ఆలోచించను కూడా లేదు. "మనిషైనా, బర్రెయినా, చెట్టయినా సన్నగయితే గంజి పొయ్యాలె. మీ ఆయన గంజి తాగే గింత పెరిగిండు." నేను చిక్కటి గంజి చల్లార్చి, ఉప్పు వేయకుండా (అంత తెలివి ఉంది) రెండు ట్రేలకూ సమంగా పోశాను.

మూడో రోజు ఆ షెడ్డులో వాసన ఇంతా అంతా కాదు. నాచు నల్లగా, జిగటగా అయింది. వాసనకు ఎక్కడెక్కడి ఈగలూ వచ్చాయి. ఈగలు తినే మొక్కలకు మాత్రం అది పెళ్లి భోజనం. నోళ్లన్నీ మూతపడ్డాయి, జిగురు ఆకులు నల్లటి చుక్కలతో నిండిపోయాయి. అది చూసి నేను కొంత ఊరట పడ్డాను కూడా. నాచుకేమో గానీ మొక్కలకు మాత్రం మేలు చేశానని.

సారు వచ్చిన రోజు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. బ్యాగు కింద పెట్టకుండానే షెడ్డులోకి వచ్చారు. ట్రే దగ్గర నిలబడ్డారు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. తిట్టి ఉంటే బాగుండేది. మెల్లగా, "ఏం పోశావమ్మాయ్?" అన్నారు.

చెప్పాను. ఆశక్క, పురుగులు, మంజీర, గంజి, మా అత్త, అన్నీ వరసగా. గంజి దగ్గరికి వచ్చేసరికి సారు కళ్లు మూసుకున్నారు. తర్వాత జేబులోంచి పెన్ను లాంటి మీటరు తీసి, నేను తెచ్చిన బిందెలో ముంచారు. చిన్న గాజు కిటికీలో అంకెలు వెలిగాయి.

"నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులెన్నో ఇది చెబుతుంది. మనుషులకు మంజీర నీళ్లు మంచివే. మనకు ఆ ఉప్పులు కావాలి. దీనికి ఆ ఉప్పే విషం. వాన నీళ్లలో అది ఉండదు. తప్పు నీది కాదు అమ్మాయ్. ఎందుకో చెప్పకుండా వెళ్లడం నా తప్పు."

గుమ్మంలో అమ్మగారు నిలబడి ఉన్నారు. మంచి మనిషే గానీ ఆ షెడ్డు మీద పడిన ఎండ చుక్కంతా తన బట్టలు ఆరేసుకోవాల్సిన ఎండ అని ఆమె బాధ. "ఇక చాలించండి. దేవుడే దారి చూపించాడు. మృగశిర లోపల షెడ్డు తీసేయించండి. ఈ పిల్లను కూడా ఎందుకు అటూ ఇటూ కాకుండా ఉంచడం? కంపెనీలో చేరనివ్వండి, పాపం."

మేస్త్రీ మొన్ననే మళ్లీ అడిగాడు. బస్సు మా గల్లీ మలుపులోనే ఆగుతుంది. నేను అమ్మగారి వైపు తిరిగి, "జెర మృగశిర దాకా ఆగున్రి అమ్మా. అప్పటిదాంక లేవకపోతే నేనే వల ఇప్పి, మీకు దండెం కడత," అన్నాను. ఆమె సరేనన్నారు. దండెం ఎక్కడ కట్టాలో అప్పుడే చూసుకున్నారు కూడా.

చచ్చిన నాచు లేస్తుందా అని సారును అడిగాను. ఆయన ఒక నల్లటి పోచ తీసి, గోటితో చీల్చి చూపించారు. తల కుళ్లింది, కానీ కాడ లోపల ఒకచోట ఎండుగడ్డి రంగు మిగిలింది. "ఇది బతికి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉంటే పక్క నుంచి మళ్లీ తల వేస్తుంది. ఉప్పు లేని నీటిలో పదిసార్లు జాడించాలి. ముక్కలు కోసి, నానబెట్టిన ఎండు నాచు మీద చల్లాలి. పైన మూత, వెలుతురు, చల్లదనం. ఆ తర్వాత మనం చేయగలిగింది చూస్తూ కూర్చోవడమే." నేను కుళ్లినదంతా ఏరి పారేసి, కత్తెరతో కొత్తిమీర కోసినట్టు కోసి, ఒక ట్రే నిండా చల్లాను. చల్లదనం కోసం మా ఇంట్లో రంజన్ కుండ కింద పెట్టినట్టే తడి ఇసుక పరిచి, దాని మీద ట్రే పెట్టి, చుట్టూ తడి గోనె కప్పాను. సారు ఆ ఇసుక వైపు చాలాసేపు చూసి, "ఇది నాకెందుకు తట్టలేదు?" అన్నారు. ఏం పోశావన్నది పక్కన పెడితే, ఇన్ని నెలల్లో ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

అంతా బాగుంది గానీ నీళ్లు? ఏప్రిల్ నెల. ఆకాశంలో మబ్బు ముక్క లేదు. బ్యాటరీల దుకాణంలో దొరికే ఉప్పు లేని నీళ్ల సీసాలు జాడించడానికే సరిపోయాయి. అప్పుడు నేను సారు దగ్గర మీటరు అడిగి తీసుకున్నాను. నాకు పెద్ద అంకెలు చదవడం రాదు, కానీ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం వచ్చు. నాలుగు అంకెలు వస్తే చెడ్డ, మూడు వస్తే చెడ్డ, రెండు వస్తే ఆలోచించాలి, ఒక్క అంకె వస్తే పరుగెత్తాలి. ఇదీ నా చదువు.

మా గల్లీలో మీటరు దిగిన రోజు జాతర. మొదట మా బోరులో ముంచాను: నాలుగు. పక్కింటి వదిన తన బోరు తియ్యగా ఉంటుందని ఏళ్ల తరబడి చెప్పుకునేది, అక్కడా నాలుగే. "నీ మిషిని తాగి ఉన్నది," అంది. డబ్బా నీళ్లు అమ్మే అన్న, "మా నీళ్లు అమృతం" అంటూ తానే ముంచమన్నాడు: రెండు అంకెలు వచ్చాయి గానీ మూడుకు ఒక్క గడప ఇవతల. అలవాటైపోయి చాయ్‌లో ముంచాను, మజ్జిగలో ముంచాను, మా అత్త వద్దన్నా ఆమె పళ్లెంలో మిగిలిన చారులో ముంచాను. చారుకు మీటరు బెదిరిపోయి అంకెలకు బదులు గీతలు చూపించింది.

"ఏం రోగమే నీకు? రేపు నా నోట్ల గూడ ముంచుతవా?" అంది అత్త.

"నోరు తెరిస్తే ముంచుత," అన్నాను. ఆమె ఆ పూటంతా నాతో మూతి బిగించుకునే మాట్లాడింది.

అత్తకు పింఛను పడిన రోజు ఆమెను తీసుకుని హైవే పక్కనున్న ఏటీఎంకు వెళ్లాను. వరస పెద్దది, ఎండ మాడుతోంది. నీడ కోసం గోడ పక్కకు జరిగితే మెడ మీద టప్పున ఒక చల్లటి చుక్క. తల ఎత్తితే ఏసీ గొట్టం. ఇంకో చుక్క. దోసిలి పట్టాను, నిండగానే కొంగులో ఉన్న మీటరు ముంచాను.

ఒక్క అంకె.

అత్తను వరసలోనే వదిలేసి పరుగెత్తాను. "ఏడికే? నా పైసలు!" అని ఆమె అరుస్తూనే ఉంది. సారుకు చెబితే ఆయన నుదురు కొట్టుకున్నారు. గాలిలోని తడి గొట్టం మీద పట్టి కారే నీళ్లు అవి. అందులో ఉప్పు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంజనీరుగా ముప్ఫై ఏళ్లు ఏసీ కింద కూర్చుని పనిచేశానన్నారు. ఇంట్లో ఏసీ లేదా అంటే, అమ్మగారికి పడదని పెట్టించుకోలేదట.

మర్నాటి నుంచి ఏటీఎం వెనక నేనూ, నా బకెట్టూ. నాలుగు రోజులు సాగింది. అయిదో రోజు కాపలా తాత పట్టుకున్నాడు. జోగిపేట వైపు మనిషి, టోపీ సరిచేసుకోకుండా ఎవరినీ ఏమీ అడగడు.

"ఓ బిడ్డా, నాలుగు దినాల సంది సూస్తున్న. పైసలు ముంగట అస్తయి. నువ్వు ఎనక ఏం జేస్తున్నవ్?"

"నీళ్లు పడుతున్న తాతా."

"నీళ్లా? ఏం జేస్కుంటవ్?"

"నాచుకు పోస్త. సచ్చిపోయింది. బతికియ్యాలె."

తాత టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "దొంగలు గూడ ఇంతకంటె మంచి అబద్ధం జెప్తరు, బిడ్డా."

నేను కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. నాచు దగ్గర ఆయన నమ్మలేదు, గంజి దగ్గర నమ్మాడు. మొక్క ఈగను తింటుందన్న దగ్గర మళ్లీ నమ్మకం పోయింది. "గట్లనా? రేపు ఆ చెట్టు తే. నా కండ్ల ముంగట ఈగను తింటే, నీళ్లు నీయి. తినకపోతే బకిటి నాది."

సారును అడిగి, గంజి ఈగల విందు అరిగిపోయి మళ్లీ ఆకలితో ఉన్న చిన్న నోళ్ల మొక్కను ఒళ్లో పెట్టుకుని మర్నాడు ఆటో ఎక్కాను. తాత స్టూలు మీద కుండీ పెట్టాడు. పక్క బండి మీద చెరుకు రసం కాబట్టి ఈగలకు కొదవ లేదు. వరసలోని వాళ్లు ఒక్కొక్కరే ఇటు జరిగారు. ఒక ఈగ వచ్చి నోట్లో వాలింది. అందరూ ఊపిరి బిగించారు. ఏమీ కాలేదు.

"కూసున్నది గదా, మూస్తలేదేంది?" అన్నాడు తాత, బకెట్ వైపు చూస్తూ.

"లోపట సన్న వెంట్రుకలున్నయ్ తాతా. ఒక్కసారి తగిలితే ఊకుంటది. వాన చినుకో, చెత్తనో అనుకుంటది. మళ్ల తగిలితేనే పాణమున్నదని మూస్తది." సారు చెప్పిన మాటలే, కానీ ఆ క్షణంలో నాకే వాటి మీద నమ్మకం సన్నగిల్లింది. ఈగ ఒక కాలు దులుపుకుంది. రెండో కాలు దులుపుకుంది. పక్కకు ఒక్క అడుగు వేసింది.

నోరు మూసుకుంది.

"అబ్బో!" అని తాత వెనక్కి పడబోయాడు. వరస మొత్తం చప్పట్లు కొట్టింది. ఒక లారీ డ్రైవరు "ఫిర్ సే, ఫిర్ సే" అంటూ మళ్లీ చూపించమన్నాడు. లోపల పైసలు తీసుకుంటున్నాయన ఏమైందోనని పరుగెత్తుకొచ్చి కార్డు మిషన్‌లోనే మర్చిపోయాడు. ఆ రోజు నుంచి తాతే నాకోసం బకెట్ పెట్టి, నిండితే మూత వేసేవాడు. ఎవరైనా అడిగితే, "ముట్టకు! అది మందుల నీళ్లు," అనేవాడు.

నీళ్లు దొరికాయి గానీ నాచులో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. రోజూ వెళ్లగానే మూత తీసి చూసేదాన్ని. పదిహేను రోజులు, ఇరవై రోజులు. ఇరవై మూడో రోజు ట్రే మీద పచ్చగా కనిపించింది! అరిచి సారును పిలిచాను. ఆయన భూతద్దం పెట్టి చూసి, పాపం ఎలా చెప్పాలో తెలియక కాసేపు దగ్గారు. "అమ్మాయ్, ఇది నువ్వు తొట్టిలో గీకి పారేసే రకం." దాన్ని పీచుతో తీయబోతే వద్దన్నారు, దూదితో తీయించారు. మేస్త్రీ ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, సోమవారం నుంచి సీటు ఖాళీ ఉందని, కాదంటే ఇంకొకరికి ఇస్తానని చెప్పాడు. మృగశిర ఇంకా పది రోజులుంది. మేస్త్రీని బతిమాలి ఇంకో వారం ఆపించాను. ఆ వారం కూడా అయిపోతూ వచ్చింది. అత్త నా అన్నం డబ్బా కడిగి పెట్టింది, కంపెనీకి పట్టుకెళ్లడానికి. అమ్మగారు బజారు నుంచి నైలాను తాడు తెప్పించారు.

శనివారం పొద్దున. సారు గుడికి వెళ్లారు. నేను మూత తీశాను. ఏమీ లేదు. మూత పెట్టబోతూ ఎందుకో ట్రేను కిటికీ వైపు తిప్పాను. నల్లటి కాడ ముక్క పక్క నుంచి, ఆవగింజలో సగం, ఒక పచ్చటి మొన. వేలు పెట్టి చూడ్డానికి భయమేసింది. భూతద్దం తెచ్చాను. మొన కాదు, ముడుచుకున్న నక్షత్రం. దాని పక్క కాడకు ఇంకొకటి. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. కేక పెట్టాల్సింది. అమ్మగారిని పిలవాల్సింది. ఏదీ చేయలేదు. కూర్చున్నానంతే. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ, లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి. ఎంతసేపని? గంట పైనే. చాయ్ కోసం పిలిచి పిలిచి విసిగి అమ్మగారే వచ్చారు.

"ఏమిటే అలా కూర్చున్నావు, ఒంట్లో బాగాలేదా?"

భూతద్దం ఇచ్చాను. ఆమె చూశారు. కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుని మళ్లీ చూశారు. "ఇది నిజంగా పచ్చనా, నా అద్దాల మరకా?"

"నాచే అమ్మా. పదకొండు ఉన్నయ్."

"పదకొండేమిటి, ఇదిగో ఇక్కడ ఒకటి వదిలేశావు, పన్నెండు," అన్నారు అమ్మగారు. అని, తాను ఎవరి పక్షాన లెక్కపెడుతున్నారో అప్పుడు గుర్తొచ్చినట్టుంది, భూతద్దం నా చేతిలో పెట్టి గబగబా లోపలికి వెళ్లిపోయారు. సోమవారం బస్సు మా మలుపులో ఆగి, రెండుసార్లు హారన్ కొట్టి వెళ్లిపోయింది. నేను అప్పటికి ఏటీఎం దగ్గర ఉన్నాను.

ఇప్పుడు కొల్లూరులో సర్కారు ఇచ్చిన ఇంట్లో ఉంటున్నాను. సారు షెడ్డులో రెండు ట్రేలు కాస్తా ఇరవై రెండయ్యాయి. వాటి మంచీ చెడూ నావే. ఎండినదేది, చచ్చినదేది, అలిగినదేది చూడగానే చెప్పేస్తాను. కొత్త తల కనిపిస్తే నిమిషం ఆగను, ఫోన్ తీసి ఫోటో కొట్టి నాచు పెంచేవాళ్ల గ్రూపులో పెడతాను. ఎక్కడెక్కడి వాళ్లో చేతులు జోడించిన బొమ్మలు పంపిస్తారు. అవి ఎన్ని వచ్చాయో చూసుకుంటూ ఉంటే, ఆ పచ్చను సరిగ్గా చూశానో లేదో కూడా గుర్తుండదు. ఒక్కోసారి ఆ శనివారం స్టూలు మీద కూర్చున్న ఇరవై ఆరేళ్ల పిల్ల గుర్తొస్తుంది. బతుకు గట్టెక్కిందని తెలిసి కూడా ఎవరికీ చెప్పకుండా, లెక్క తప్పుతూ, మళ్లీ మొదలుపెడుతూ. పిచ్చిదానా, అంతసేపు ఏం చూశావే అని అడగాలనిపిస్తుంది. మొన్న నేనూ ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లి, అలాగే కూర్చుని చూశాను. అయిదు నిమిషాలు కూడా కాలేదు, ఇంట్లో ఫోన్ ఎన్నిసార్లు మోగిందోనని లేచి వచ్చేశాను.